ఇల్లు కట్టడం అంటే ముడి వేయడం: క్వెట్టా నుంచి అహ్మదాబాద్ దాకా ఒక పిల్లర్ కథ

శుక్రవారం ఎపిసోడ్ వినే వీలు లేనివాళ్ల కోసం, విన్నా మళ్లీ చూసుకుందాం అనుకునేవాళ్ల కోసం ఆ సంగతులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈసారి కథ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. కామారెడ్డి వైపు తమ్ముడు ఒకడు, ఇక్కడ షట్టరింగ్ పని చేస్తాడు. ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాడు. కింద బండ్లు పెట్టుకోడానికి ఖాళీ, పైన రెండు పోర్షన్లు. "అన్నా, ఇంజనీరేమో పిల్లర్ 12 ఇంచులు పెట్టాలంటుండు. మేస్త్రీ 9 ఇంచులు చాలంటుండు. మనకాడ భూకంపాలు యాడొస్తయి, తుఫాన్లు యాడొస్తయి అంటుండు. ఎవరి మాట ఇనాలె?"

రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయొచ్చు. కానీ ఆ 12 ఇంచులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మన గొంతు వేరేగా ఉంటుంది. ఇంజనీర్ల పుస్తకంలో ఉన్న ప్రతి అంకె వెనకా ఎక్కడో ఒక ఊరు ఉంది. చాలాసార్లు అది కూలిపోయిన ఊరు.

మనకి దగ్గర జ్ఞాపకంతో మొదలుపెడతాను. 2013 ఏప్రిల్ 16, మధ్యాహ్నం. నేను అప్పుడు దుబాయ్‌లో ఒక టవర్ సైట్‌లో స్టీల్ ఫిక్సర్‌ని. కాలి కింద పలక మెల్లగా ఊగింది. ఎండకి కళ్లు తిరిగాయేమో అనుకున్నా. పక్కన ఉన్న పాకిస్తానీ అన్న "జల్‌జలా!" అని అరిచాడు. అందరం మెట్ల మీద నుంచి పరుగు. ఆ రోజు భూమి కదిలింది దుబాయ్‌లో కాదు, ఇరాన్ పాకిస్తాన్ సరిహద్దులో. తీవ్రత 7.7. ఎక్కడో సముద్రం అవతల పుట్టిన ఊపు మన టవర్ల దాకా వచ్చింది. ఆ సరిహద్దుకి ఇటు అటు ఉన్న నేలని బలూచిస్తాన్ అంటారు. మన కథ మొదలయ్యేది కూడా అక్కడే.

క్వెట్టా, 1935

బ్రిటిష్ వాళ్ల కాలంలో క్వెట్టా పెద్ద సైనిక కేంద్రం, రైల్వే ఊరు. 1931 ఆగస్టులో దానికి దగ్గరలో మాచ్ అనే చోట భూకంపం వచ్చింది. రైల్వే వాళ్ల కట్టడాలు చాలా దెబ్బతిన్నాయి. మళ్లీ క్వార్టర్లు కట్టే పనిలో ఎస్.ఎల్. కుమార్ అనే యువ ఇంజనీర్ ఉన్నాడు. ఇల్లు తన బరువు తాను మోస్తే చాలదు, భూమి పక్కకి లాగినప్పుడు కూడా నిలబడాలి అని ఆయన లెక్క వేశాడు. ఇంటి బరువులో పదో వంతు బలం పక్క నుంచి నెడితే ఏమవుతుంది? ఆ నెట్టుడుకి తట్టుకునేలా ఇనుప పట్టాలతో చట్రం కట్టి, దాని మధ్యలో ఇటుక గోడలు లేపించాడు. 1933లో ఈ పద్ధతి గురించి ఒక వ్యాసం కూడా రాశాడు. దేశంలో ఎక్కడ భూమి ఎంత ఊగే ప్రమాదం ఉందో చూపించే పటం కూడా అందులో వేశాడు.

1935 మే 31, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. ఊరంతా నిద్రలో ఉంది. క్వెట్టా నేలమట్టమైంది. 30 వేల మందికి పైగా చనిపోయారు. తెల్లారి చూస్తే శిథిలాల మధ్య ఆ కొత్త రైల్వే క్వార్టర్లు నిలబడి ఉన్నాయి.

మిగతా ఇళ్లు ఎందుకు పడ్డాయి, ఇవి ఎందుకు పడలేదు? ఇటుక అదే, నేల అదే, ఊపూ అదే. తేడా ఒక్కటే. మిగతా ఇళ్లలో ఇటుక మీద ఇటుక పేర్చి ఉంది. వీటిలో నాలుగు గోడలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ తర్వాత క్వెట్టాని మళ్లీ కట్టేటప్పుడు ఆ పాఠం అందరికీ అందింది. ఇటుకల మధ్య గూళ్లు వదిలి, వాటిలో నిలువుగా రాడ్లు దింపి, కాంక్రీటు పోసే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ ఇంజనీర్లు దాన్ని 'క్వెట్టా బాండ్' అనే అంటారు.

మన భాషలో ఒక మాట చూడండి. గొడ్డుని గుంజకి కడతాం, మూటకి తాడు కడతాం, తాళి కడతాం. ఇల్లు కూడా 'కడతాం'. పేర్చడం అనం. క్వెట్టాలో కుమార్ చేసింది కూడా అచ్చంగా అదే పని.

స్వాతంత్ర్యం వచ్చాక 1962లో భూకంపాల కోసం మన దేశపు మొదటి ప్రమాణ పుస్తకం వచ్చింది. దాని నంబర్ ఐ.ఎస్. 1893. ఏ ప్రాంతంలో ఎంత ఊపుకి ఇల్లు కట్టాలో అందులో జోన్ల లెక్కన ఉంటుంది. మీ ఇంజనీర్ 'జోన్ 2', 'జోన్ 3' అన్నప్పుడు మాట్లాడేది ఆ పుస్తకం గురించే.

దివిసీమ, 1977

భూకంపం ఇంటిని పక్కకి లాగుతుంది. గాలి చేసే పని వేరు. అది తెలియాలంటే మన తీరానికే రావాలి.

1977 నవంబర్ 19. దివిసీమ పేరు చెప్తే మా అమ్మమ్మ తరం వాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. గాలి ముందు కప్పులు లేపింది, తర్వాత అయిదు మీటర్లకి పైగా ఎత్తున ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. తాటాకు ఇళ్లు, మట్టి గోడలు ఆనవాలు లేకుండా పోయాయి. తప్పించుకున్నవాళ్లలో చాలామందికి ఆసరా ఇచ్చింది ఊళ్లో ఉన్న ఒకటీ అరా పక్కా కట్టడాలే. తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టించడం పెద్ద ఎత్తున మొదలైంది ఆ తర్వాతే.

నాది కోనసీమ. 1996 నవంబర్ 6 రాత్రి నాకు బాగా గుర్తు. లక్షల కొబ్బరిచెట్లు పడిన రాత్రి అది. మా ఎదురింటి రేకుల కప్పు 'పడిపోలేదు', 'లేచిపోయింది'. తెల్లారి చూస్తే గోడలు గోడల్లాగే ఉన్నాయి, కప్పు చెరువు అవతల ఉంది. గాలి కప్పుని పైకి ఎలా లాగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇలా లాగుతుంది. గాలి వేగంగా కప్పు మీదుగా పోయేటప్పుడు కప్పుని పైకి పీలుస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపో కిటికీనో ఊడితే, లోపలికి దూరిన గాలి కింద నుంచి కప్పుని నెడుతుంది. పైన పీల్చడం, కింద నెట్టడం, రెండూ ఒకేసారి. తుఫానులో కిటికీలు బిగించమనేది జల్లు పడుతుందని మాత్రమే కాదు, కప్పు దక్కించుకోడానికి.

ఎంత బలం? 1987లో వచ్చిన గాలి ప్రమాణంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకి సెకనుకి 50 మీటర్ల వేగం అని రాశారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పటి గాలి ఆ 180 దరిదాపుల్లోనే ఉంది. ఆ రోజు విశాఖ విమానాశ్రయం కప్పు ఏమైందో టీవీలో చూసే ఉంటారు.

50 మీటర్ల గాలి అంటే చదరపు మీటరుకి సుమారు 150 కేజీల ఒత్తిడి. పది అడుగుల గదికి పది అడుగుల రేకుల కప్పు ఉందనుకోండి. దాన్ని పైకి లాగే బలం టన్నుకి పైనే. సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకి ఇరవై కేజీల లోపే. మరి ఆ టన్నుని పట్టుకునేది ఏది? బోల్టులు. బోల్టు పట్టుకున్న పైపు. పైపుని గోడకి పట్టి ఉంచిన బిగింపు. ఈ గొలుసులో ఏ ఒక్క లింకు ఊడినా కప్పు చెరువు అవతలే. అయిదు ఇంచుల స్లాబ్ అయితే చదరపు మీటరుకి మూడొందల కేజీలు ఉంటుంది. గాలికి లొంగదు. మనవాళ్లు స్లాబ్ మీద మనసు పడటంలో తప్పేం లేదు.

స్లాబ్ లేని కాలంలో మన పెద్దవాళ్లు ఏం చేశారు? ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూశారా? గుండ్రటి మట్టి గోడ, పైన గొడుగులాంటి తాటాకు కప్పు, చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగి లోపలికి వెళ్లాలి. గుండ్రంగా ఉంటే గాలి గుద్దుకోడానికి మూల ఉండదు, పక్కల నుంచి జారిపోతుంది. చూరు కిందికి ఉంటే దాని కింద చొరబడి లేపే సందు తగ్గుతుంది. అన్నీ తాళ్లతో ముడులే. ఇంజనీరు గాలి సొరంగంలో పరీక్ష పెట్టి చెప్పేది, వాళ్లు తరాల తరబడి కూలినదాన్ని చూసి నేర్చుకున్నారు.

కిల్లారి, 1993

గాలికి బరువు మంచిది అన్నాను కదా. అయితే బరువు పెంచుకుంటూ పోతే సరిపోతుందా? సరిపోదని చెప్పింది కిల్లారి.

లాతూరు జిల్లాలోని కిల్లారి మనకి పరాయి ఊరేం కాదు. ఆ మరాఠ్వాడా నిజాం రాజ్యంలో మనతో కలిసి ఉన్న నేలే. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ముందు రోజు వినాయక నిమజ్జనం. జనం అలిసిపోయి పడుకున్నారు. భూకంపం తీవ్రత 6 దాటింది, అంతే. క్వెట్టాతో పోలిస్తే చాలా చిన్నది. అయినా ఎనిమిది వేల మంది దాకా చనిపోయారు.

ఎందుకు? అక్కడి ఇళ్లకి రెండు మూడు అడుగుల మందం రాతి గోడలు. చూస్తే కోటలాగా ఉంటాయి. కానీ ఆ గోడ నిజానికి ఒక గోడ కాదు. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో రాళ్ల ముక్కలు, మట్టి. రెండు పొరల్నీ కలిపే అడ్డరాళ్లు పెట్టలేదు. పైన ఎండ తగలకుండా కప్పు మీద అడుగుల మందాన మట్టి. ఊపు రాగానే రెండు పొరలూ విడిపోయాయి, మీద ఉన్న మట్టి బరువంతా నిద్రపోతున్నవాళ్ల మీద పడింది.

భూకంపం లెక్క ఇదే. ఇల్లు ఎంత బరువుంటే భూమి దాన్ని అంత బలంగా లాగుతుంది. గాలికి తేలిక కప్పు ప్రమాదం, భూకంపానికి బరువు కప్పు ప్రమాదం. రెండింటికీ పనికొచ్చే మందు ఒకటే, కట్టు. గోడలన్నిటి మీదుగా నడుముకి మొలతాడులా చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీ ఉంటే గోడలు విడిపోవు. లింటెల్ కిటికీల మీద మాత్రం ముక్కలు ముక్కలుగా వేయకుండా, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా తిప్పాలని ఇంజనీర్లు అనేది ఇందుకే.

ఇంకో సంగతి. అప్పటి పటంలో కిల్లారి ఉన్నది జోన్ 1లో. అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న చోటు. "మనకాడ భూకంపాలు యాడొస్తయి" అన్న మాట ఆ ఊళ్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. 2002లో పటం మార్చినప్పుడు జోన్ 1 అనేదే తీసేశారు. హైదరాబాద్ కూడా అలాగే జోన్ 1 నుంచి 2కి మారింది. విజయవాడ జోన్ 3లో ఉంది. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర భూమి గట్టిగానే ఊగింది. 2024 డిసెంబర్ 4న ములుగు ఊగినప్పుడు మీ ఇంటి నుంచి కూడా ఫోన్ వచ్చే ఉంటుంది.

అహ్మదాబాద్, 2001

ఇప్పుడు కామారెడ్డి తమ్ముడి ఇంటి దగ్గరికి వస్తున్నాం.

2001 జనవరి 26, ఉదయం ఎనిమిది ముప్పావు. గుజరాత్‌లో భుజ్ దగ్గర భూకంపం. 13 వేల మందికి పైగా చనిపోయారు. ఇంజనీర్లని ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం అక్కడికి రెండొందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్. అక్కడ పడినవి మట్టి ఇళ్లు కావు. పిల్లర్లు, బీమ్‌లు, స్లాబ్‌లు ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లు. పక్కపక్కనే ఉన్నవాటిలో కొన్ని నిలబడ్డాయి, కొన్ని కుప్పకూలాయి. వందల మంది పోయారు.

కూలినవాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. కింద అంతస్తు ఖాళీ, పార్కింగ్. పైన అంతస్తుల్లో గదులకి గోడలు ఉన్నాయి కాబట్టి పై భాగం పెట్టెలాగా గట్టిగా ఉంది. కింద గోడల్లేవు, ఒట్టి పిల్లర్లు. ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడింది. నెత్తి మీద బియ్యం బస్తా పెట్టుకున్న మనిషి మోకాళ్ల మీద తన్నినట్టు. 2002లో వచ్చిన కొత్త పుస్తకంలో ఇలాంటి ఖాళీ అంతస్తు పిల్లర్లని, బీమ్‌లని మామూలు లెక్కకి రెండున్నర రెట్లు బలంగా వేయాలని రాశారు.

రెండో కారణం రింగులు. దీని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మన చేతులకి తెలిసిన పని. పిల్లర్ మీద బరువు పడితే లోపలి కాంక్రీటు పక్కలకి ఉబ్బాలని చూస్తుంది. దాన్ని ఉబ్బకుండా పట్టి ఉంచేది రింగు, బండి చక్రానికి ఇనప పట్టాలాగా. ఊపులో పై పెచ్చు రాలిపోతుంది. అప్పుడు కొస 90 డిగ్రీలకి మాత్రమే వంచిన రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలకి వంచి కొసని కాంక్రీటు కడుపులోకి పంపితే విచ్చుకోదు. ఈ నియమం 1993లోనే పుస్తకంలో ఉంది. అంటే అహ్మదాబాద్ పడడానికి ఎనిమిదేళ్ల ముందే. పుస్తకం ఉంది, సైట్‌లో అడిగే మనిషి లేడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. జోన్ 2లో రెండంతస్తుల మామూలు ఇల్లు 200 టన్నులు ఉందనుకుంటే, పుస్తకం ప్రకారం అది తట్టుకోవాల్సిన పక్క నెట్టుడు బరువులో నూటికి నాలుగు వంతులు, అంటే ఎనిమిది టన్నుల చిల్లర. తక్కువే అనిపిస్తుంది. కానీ అసలు ఊపు ఇంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. పిల్లర్ ఒక్కసారిగా విరిగిపోకుండా వంగి, బీటలు వారి, ఊపుని మింగుతుందనే నమ్మకంతో తగ్గించిన లెక్క అది. ఆ నమ్మకాన్ని మోసేది రింగులే.

తమ్ముడికి జవాబు

9 ఇంచులా, 12 ఇంచులా? 2016లో సవరించిన పుస్తకం ప్రకారం జోన్ 3, ఆపై చోట్ల పిల్లర్ ఏ వైపూ 300 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అదే మన 12 ఇంచులు. జోన్ 2లో అది తప్పనిసరి కాదు, మన ఇష్టానికి వదిలేశారు. కాబట్టి మేస్త్రీ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నీ ఇంటి కింద అంతస్తు ఖాళీ, తమ్ముడూ. కిల్లారి జోన్ 1లో ఉండేది. ఇంజనీరు మాట విను. ఆ మూడు ఇంచులకి అయ్యే ఖర్చు, పైన వేయించాలనుకుంటున్న ఫాల్స్ సీలింగ్ ఖర్చుతో పోల్చి చూసుకో.

అంతకంటే ముఖ్యం, పిల్లర్లకి కాంక్రీటు పోసే ముందు రోజు ఇంటికి వీడియో కాల్ చెయ్యి. పలకలు బిగించక ముందే రింగు కొసలు దగ్గర నుంచి చూపించమను. బీమ్ కలిసే చోట, పిల్లర్ పైనా కిందా, రింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూడు. అక్కడ నాలుగు ఇంచులు దాటకూడదు. మధ్యలో ఎంతో ఇంజనీరు కాగితంలో ఉంటుంది. లింటెల్ చుట్టూ తెగకుండా తిరిగిందా అని అడుగు. మేడ మీద రేకుల షెడ్డు వేస్తే, అది స్లాబ్‌లోకి ఎలా దిగిందో అడుగు. పునాది పక్కన కుండలో పూలు పెట్టి తీసిన ఫోటోలు కాదు మనకి కావాల్సింది.

ఇదంతా నేను చేశానా? చెయ్యలేదు. నా ఇల్లు కట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. రోజూ వేరేవాళ్ల టవర్లకి 135 డిగ్రీల కొక్కేలు వంచాను. కన్సల్టెంట్ వచ్చి టేపు పెట్టి కొలిచేవాడు. ఒక్క రింగు తప్పున్నా పోత ఆపేసేవాళ్లు. అదే నెలలో మా ఊళ్లో నా పిల్లర్లకి కాంక్రీటు పోశారు. ఇంటి నుంచి ఫోన్ చేసి "స్లాబ్ పడింది నాన్నా" అంటే, అందరికీ స్వీట్లు పంచాను. రింగుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. సెలవుకి వెళ్లేసరికి ప్లాస్టరింగ్, రంగులు అన్నీ అయిపోయాయి. ఆ పిల్లర్ల లోపల కొసలు ఎలా వంచారో నాకు ఇప్పటికీ తెలీదు. మా అమ్మ ఆ ఇంట్లోనే పడుకుంటుంది.

ఈసారి సెలవులో ఇంజనీరుని పిలిచి చూపించబోతున్నాను. కింద ఖాళీలో రెండు వైపులా సమానంగా కొన్ని గోడలు లేపడం, అవసరమైతే పిల్లర్ల చుట్టూ కొత్త రాడ్లు కట్టి మళ్లీ కాంక్రీటు తొడగడం లాంటి దారులు ఉన్నాయి. ఎక్కడ ఏది చేయాలో ఆయన చెప్పాలి. మనకి తోచినట్టు ఒక మూల గోడ కట్టేస్తే ఇల్లు మెలి తిరిగి ఇంకా చెడుతుంది.

తమ్ముడు నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు. పిల్లర్లకి ఇంకా పలకలు బిగించలేదట, రేపు పొద్దున వీడియో కాల్‌లో చూస్తానన్నాడు. టేపు కూడా తెమ్మన్నాడట. "మేస్త్రీకి కోపమొచ్చిందన్నా" అన్నాడు. రానీ తమ్ముడూ. పలకలు బిగించేదాకానే ఆ రింగులు కంటికి కనిపించేది.